చదువు సందేహాలు: హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు

ప్రశ్న: నేను అనంతపురంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ దగ్గర ఉంటుంది. మనవడు పదో తరగతిలో ఉన్నాడు. పదకొండో తరగతి నుంచి హైస్కూలుకు బదులు కమ్యూనిటీ కాలేజీకి వెళ్తాడని, పన్నెండు పూర్తయ్యేసరికి డిగ్రీలో రెండేళ్లు కూడా అయిపోతాయని, పైగా ఫీజు ఉండదని అంటున్నారు. మధ్యలో స్కూలు వదిలేస్తే సర్టిఫికెట్ ఎవరిస్తారు? కమ్యూనిటీ కాలేజీ అంటే యూనివర్సిటీలో సీటు రానివాళ్లు చేరేదని విన్నాను. రెండేళ్లు నిజంగా కలిసివస్తాయా? వాడికి ఇంజనీరింగ్ మీద ఇష్టం. ‘నాన్నా, నువ్వేమంటావు’ అని అమ్మాయి అడుగుతోంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందుగా మీ మొదటి భయం తీరుస్తాను. మీ మనవడు స్కూలు వదిలేయడం లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ ఏర్పాటును ‘రన్నింగ్ స్టార్ట్’ అంటారు. 1990లో ఆ రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో ఇది వచ్చింది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు పేరు హైస్కూల్లోనే ఉంచుకుని, కొన్ని పాఠాలు గానీ అన్ని పాఠాలు గానీ కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల డిగ్రీలు ఇచ్చే స్థానిక ప్రభుత్వ కాలేజీలో, చదువుకోవచ్చు. అక్కడ చదివిన ఒక్కో కోర్సు రెండు చోట్లా లెక్కకు వస్తుంది. క్రెడిట్ అంటే పూర్తిచేసిన చదువును కొలిచే లెక్క. కాలేజీలో ఐదు క్రెడిట్ల కోర్సు ఒకటి పూర్తిచేస్తే, హైస్కూల్లో ఏడాది పొడవునా చదివే ఒక సబ్జెక్టు పూర్తయినట్టు, అంటే ఒక క్రెడిట్ వచ్చినట్టు నమోదు చేస్తారు. ఆ రాష్ట్రంలో హైస్కూలు డిప్లొమాకు 24 క్రెడిట్లు కావాలి. ఆ డిప్లొమా ఇచ్చేది హైస్కూలే కాబట్టి సర్టిఫికెట్ గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. అయితే ఆరోగ్యం, వ్యాయామం వంటి తప్పనిసరి అంశాలు కాలేజీకి వెళ్లినంత మాత్రాన వాటంతటవే పూర్తి కావు. ఏవి మిగిలాయో హైస్కూలు కౌన్సెలర్ దగ్గర ముందే లెక్క చూసుకోవాలి.

రెండేళ్లు కలిసివస్తాయన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఆ కాలేజీల్లో ఏడాదిని క్వార్టర్లుగా విభజిస్తారు. పూర్తిస్థాయిలో చదివే విద్యార్థి సాధారణంగా ఒక క్వార్టర్‌లో 15 క్రెడిట్లు తీసుకుంటాడు. విద్యా సంవత్సరంలోని మూడు క్వార్టర్లకు 45, రెండేళ్లకు 90 అవుతాయి. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి కావలసింది ఆ 90 క్రెడిట్లే. నాలుగేళ్ల డిగ్రీకి 180 కావాలి. కాగితం మీద చూస్తే సరిగ్గా సగం దూరం హైస్కూలు రోజుల్లోనే గడిచిపోతుంది. క్వార్టర్‌కు 15 క్రెడిట్ల వరకు ట్యూషన్ ఫీజు వసూలు చేయరు. ప్రభుత్వం ఆ విద్యార్థి చదువు కోసం స్కూలు జిల్లాకు (ఆ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థకు) ఇచ్చే సొమ్ములో 93 శాతం కాలేజీకి వెళ్లి, 7 శాతం స్కూలు జిల్లా దగ్గర ఉంటుంది. డబ్బు పిల్లవాడి వెంట నడవడం వల్లే ఈ పథకం ఇన్నేళ్లుగా నిలబడింది. పుస్తకాలు, కొన్ని చిల్లర రుసుములు, రాకపోకల ఖర్చు మాత్రం కుటుంబానివే. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు రుసుముల్లో మినహాయింపు ఉంటుంది.

కమ్యూనిటీ కాలేజీ గురించి మీరు విన్న మాట సరైనది కాదు. ఆ మాట వల్ల చాలా కుటుంబాలు మంచి అవకాశాన్ని వదులుకుంటున్నాయని నా బాధ. అక్కడ ప్రవేశం అందరికీ తెరిచి ఉంటుందన్నది నిజమే. దానర్థం చదువు తేలికని కాదు. కాలిక్యులస్ ఎక్కడ చెప్పినా కాలిక్యులసే. అధ్యాపకుల ప్రధాన వృత్తి పాఠం చెప్పడం, తరగతులు చిన్నవి. పెద్ద యూనివర్సిటీలో మొదటి సంవత్సరం వందల మందితో కలిసి హాలులో కూర్చునే పిల్లలకు అందని శ్రద్ధ ఇక్కడ అందుతుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్లవాడి పక్కన పగలు ఉద్యోగం చేసుకుని వచ్చే ముప్పై అయిదేళ్ల మనిషి, సైన్యం నుంచి తిరిగివచ్చిన మనిషి కూర్చుని చదువుకుంటారు. చదువును తమకు తాముగా కోరి వచ్చిన పెద్దవాళ్ల మధ్య కూర్చోవడం ఆ వయసులో ఎంతో మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు విషయానికి వద్దాం. క్రెడిట్ ఇచ్చేది కమ్యూనిటీ కాలేజీ అయినా, దాని విలువ నిర్ణయించేది తరువాత చేరబోయే యూనివర్సిటీ. ‘రెండేళ్లు అయిపోతాయి’ అనే మాటలో కనిపించనిది ఇదే. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో చేరదలుచుకుంటే దారి చాలావరకు సుగమం. ‘డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్’ అనే ఒప్పందం కింద పూర్తిచేసిన అసోసియేట్ డిగ్రీని అవి అంగీకరించి, సాధారణ విద్యకు సంబంధించిన కోర్సులు పూర్తయినట్టే చూస్తాయి. రాష్ట్రం దాటితే గానీ, పేరున్న ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్తే గానీ ఈ హామీ వర్తించదు. హైస్కూలు డిప్లొమాకు లెక్కలోకి తీసుకున్న కోర్సును తమ డిగ్రీకి మళ్లీ లెక్కించబోమనే నియమం ప్రైవేటు సంస్థలు చాలావాటిలో ఉంది. అక్కడికి వెళ్లే పిల్లవాడికి చదివిన జ్ఞానం మిగులుతుంది, దరఖాస్తుకు బలం వస్తుంది, కానీ ఏళ్లు తగ్గవు.

మీ మనవడికి ఇంజనీరింగ్ ఇష్టమన్నారు కనుక దీనిని మరికొంత వివరంగా చెప్పాలి. 90 క్రెడిట్లు చేతిలో ఉన్నా, అందులో కాలిక్యులస్ వరుస, కాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్ వరుస, కెమిస్ట్రీ లేకపోతే ఇంజనీరింగ్‌లో రెండేళ్లు తగ్గడం జరగదు. ఆ శాఖలో పాఠాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి, గోడలో వరుస మీద వరుస పేర్చినట్టు సాగుతాయి. కింది వరుస లేకుండా పై వరుస పెట్టడం కుదరదు. తేలిగ్గా గ్రేడు వస్తుందని అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకున్న కోర్సులు చివరికి ఐచ్ఛికాల ఖాతాలో పడి ఉంటాయి. అలా డిగ్రీ చేతికొచ్చినా మళ్లీ నాలుగేళ్లు చదివే పిల్లలు ఉంటారు. మరొక సంగతి కూడా ఉంది. అసోసియేట్ డిగ్రీ ఉన్నంత మాత్రాన కంప్యూటర్ సైన్స్ వంటి గిరాకీ శాఖలో సీటు ఖాయం కాదు, ఆ పోటీ వేరుగా ఉంటుంది. హైస్కూల్లో ఉండగా ఎన్ని క్రెడిట్లు సంపాదించినా మీ మనవడు సాధారణంగా మొదటి సంవత్సరం అభ్యర్థిగానే దరఖాస్తు చేస్తాడు. అది అతనికి అనుకూలమే, ఎందుకంటే సీట్లూ స్కాలర్‌షిప్‌లూ ఎక్కువగా ఆ వరుసలోనే ఉంటాయి.

గ్రేడు విషయంలో ఇంట్లో అందరూ ఒక మాట గుర్తుంచుకోవాలి. పదహారేళ్ల వయసులో తెచ్చుకున్న కాలేజీ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల జాబితా) మీద శాశ్వతంగా ఉంటుంది. దాన్ని దాచి కొత్తగా మొదలుపెట్టడం కుదరదు. తరువాత ఎక్కడ దరఖాస్తు చేసినా చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు. కోర్సు కష్టంగా ఉందని తెలిసినప్పుడు గడువులోపు విరమించుకుంటే ‘డబ్ల్యు’ అనే గుర్తు పడుతుంది. ఒకటి ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, వరుసగా ఉంటే అడుగుతారు. తప్పినవి, విరమించినవి తరువాత ఫెడరల్ ఆర్థిక సహాయం కోరినప్పుడు చదువు ప్రగతి లెక్కలోకి కూడా రావచ్చు. అందువల్ల పదకొండో తరగతి మొదటి క్వార్టర్‌లోనే 15 క్రెడిట్లు భుజాన వేయడం కంటే, ఒకటి రెండు కోర్సులతో మొదలుపెట్టి మిగతా పాఠాలు హైస్కూల్లోనే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. రన్నింగ్ స్టార్ట్‌లో ఆ వెసులుబాటు ఉంది.

తల్లిదండ్రుల పాత్ర కూడా మారుతుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిది. పద్దెనిమిదేళ్లు నిండకపోయినా కాలేజీలో చేరిన పిల్లవాడికి అది వర్తిస్తుంది. హైస్కూలు టీచరును కలిసినట్టు కాలేజీ అధ్యాపకుణ్ణి కలిసి మార్కులు ఆరా తీయడం మీ అమ్మాయికి సాధ్యపడకపోవచ్చు. కాలేజీ నుంచి హైస్కూలుకు చేరిన వివరాలు చూడవచ్చు, లేదా అబ్బాయే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. తన గడువులు తానే చూసుకునే అలవాటు పిల్లవాడికి ఇప్పటికే ఉందా అన్నదే మీ అమ్మాయి ముందుగా ఆలోచించవలసిన విషయం. ఉంటే సంతోషంగా పంపమనండి. లేకపోతే అది అలవడేదాకా హైస్కూల్లోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠాలు) తీసుకోవడం మేలు. వాటిలో ఏడాది చదువు తరువాత మే నెలలో కాలేజ్ బోర్డ్ పరీక్ష ఉంటుంది. స్కోరు 1 నుంచి 5 వరకు. స్కోరు తక్కువ వస్తే యూనివర్సిటీకి పంపకుండా ఉండవచ్చు. రాష్ట్రం బయటి యూనివర్సిటీల మీద దృష్టి ఉన్న పిల్లలకు ఈ దారే ఎక్కువగా పనికొస్తుంది.

ఇతర రాష్ట్రాల్లో బంధువులున్న పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. ఇటువంటి పథకాన్ని రాష్ట్రమంతటా మొదట చట్టంగా తెచ్చింది మిన్నెసోటా, 1985లో. టెక్సాస్‌లో దీన్ని డ్యూయల్ క్రెడిట్ అంటారు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటికీ 42 సెమిస్టర్ గంటల ఉమ్మడి పాఠ్యప్రణాళిక ఉంది కాబట్టి, ఆ జాబితాలోని కోర్సులు రాష్ట్రం లోపల చక్కగా బదిలీ అవుతాయి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు యూనిట్‌కు (అక్కడ క్రెడిట్‌ను అలా అంటారు) 46 డాలర్లు. పాక్షికంగా చదివే హైస్కూలు పిల్లలకు దానిని మాఫీ చేసే ఏర్పాటు ఉంది. 2015లో వచ్చిన చట్టంతో స్కూళ్లు, కాలేజీలు ఒప్పందం చేసుకుని హైస్కూలు ప్రాంగణంలోనే ఈ తరగతులు నడిపే వీలు కలిగింది. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రభుత్వ యూనివర్సిటీలో దేనికి సమానమో ఆ రాష్ట్రంలో ‘అసిస్ట్’ అనే వెబ్‌సైటు చూపిస్తుంది. కోర్సులో చేరకముందే అందులో చూసుకోవాలి. అమెరికా అంతటికీ ఒకే నియమం లేదు కాబట్టి, టెక్సాస్‌లోని బంధువుల అనుభవాన్ని పట్టుకుని సియాటిల్‌లో నిర్ణయం తీసుకోవద్దని మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది, బాబు పదో తరగతి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూతురు హైస్కూల్లో ఉండగానే 30 కాలేజీ క్రెడిట్లు సంపాదించిందట. మా పిల్ల చదువులో ఆ అమ్మాయికి ఏమాత్రం తీసిపోదు. మన దగ్గర ఇంటర్‌లో ఉండగానే డిగ్రీ క్రెడిట్లు తెచ్చుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: మీ అమ్మాయి తీసిపోదన్న మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. తేడా పిల్లల్లో లేదు, ఏర్పాటులో ఉంది. మన దగ్గర ఇంటర్మీడియెట్ బోర్డు ఒకటి, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ మరొకటి. ఒకే పాఠాన్ని ఇద్దరూ లెక్కలోకి తీసుకునే ఒప్పందం అమెరికాలో ఉన్న పద్ధతిలో ఇక్కడ లేదు. జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల ఒకే ప్రాంగణంలో ఉన్న చోట్లు మన రాయలసీమ జిల్లాల్లో ఉన్నాయి. ఇంటర్ గణితం ముందే ముగించిన పిల్ల పక్క భవనంలోని డిగ్రీ మొదటి సెమిస్టర్ తరగతిలో కూర్చుని, ఆ క్రెడిట్ తన ఖాతాలో వేసుకోగలిగితే ఎంత బాగుంటుంది! 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువును కూడా క్రెడిట్ల లెక్కలోకి తెచ్చింది. ఏడాదికి 1200 అభ్యసన గంటలు, 40 క్రెడిట్లు, అంటే 30 గంటలకు ఒక క్రెడిట్ అని అది చెబుతుంది. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఆ క్రెడిట్లను దాచుకునే ఖాతా. ఖాతా పుస్తకం చేతికొచ్చింది కనుక, అందులో జమ చేసే దారిని బోర్డులు, యూనివర్సిటీలు కలిసి వేయాలి. తల్లిదండ్రులు అధికారులను అడగవలసిన విషయం ఇది.

ఇప్పుడే అందుబాటులో ఉన్న వాటిలో మీ అమ్మాయికి నేను ముందుగా చెప్పేది మద్రాసు ఐఐటీ వారి డేటా సైన్స్ బి.ఎస్. 2020లో మొదలైన ఈ ఆన్‌లైన్ డిగ్రీకి పదకొండో తరగతి చివరి పరీక్షలు రాసిన పిల్లలు దరఖాస్తు చేయవచ్చు. అంటే ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యాక మీ అమ్మాయి అర్హురాలు. పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి ఉండాలి, ఇంటర్ గ్రూపు ఏదైనా పరవాలేదు. నాలుగు వారాల పాఠాలు చూసి, అసైన్‌మెంట్లు చేసి, పరీక్షా కేంద్రానికి వెళ్లి అర్హత పరీక్ష రాయాలి. అందులో నెగ్గితే ఇంటర్ పూర్తయ్యాక చేరవచ్చు. క్రెడిట్లు చేరిన తరువాతే వస్తాయి కాబట్టి ఇది మీ ఆడపడుచు కూతురు పొందిన దానికి సరిసమానం కాదు. అయినా సీటు సంగతి ఇంటర్‌లో ఉండగానే తేలిపోతుంది, కాలేజీ స్థాయి పాఠం ఎలా ఉంటుందో పిల్లకు అనుభవంలోకి వస్తుంది. రెండు డిగ్రీలు ఏకకాలంలో చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది కనుక, రేపు బి.టెక్.లో చేరినా దీన్ని కొనసాగించవచ్చు. కుటుంబ ఆదాయాన్ని బట్టి, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో గణనీయమైన రాయితీలు ఉన్నాయి.

రెండవది ఎన్‌పీటీఈఎల్. ఐఐటీల ఆచార్యులు చెప్పే ఈ ఆన్‌లైన్ కోర్సుల్లో ఎవరైనా ఉచితంగా చేరవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టి, కేంద్రంలో పరీక్ష రాయాలి. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. పన్నెండు వారాల కోర్సుకు సాధారణంగా మూడు క్రెడిట్లు. యూజీసీ నిబంధనలు, ఈ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ ద్వారా ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు చదవడానికి అనుమతిస్తున్నాయి. కానీ ఆ క్రెడిట్‌ను డిగ్రీలో కలిపేది పిల్ల చేరిన యూనివర్సిటీయే. డిగ్రీలో చేరకముందు రాసిన సర్టిఫికెట్‌ను తరువాత కలపమని అడగడానికి ఆధారం బలహీనం. అందువల్ల దీన్ని క్రెడిట్ కోసం కాక, చదువు కోసమే తీసుకోమనండి. అది కూడా మొదటి సంవత్సరం పరీక్షల తరువాత వచ్చే సెలవుల్లో నాలుగు వారాల చిన్న కోర్సు ఒకటి చాలు. ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ల దాకా కూర్చుని, ఒకవైపు బోర్డు పరీక్షలు, మరోవైపు జేఈఈ, ఈఏపీసెట్ మోస్తున్న పిల్ల నెత్తిన మరో బరువు పెట్టడానికి నా మనసు ఒప్పుకోదు. అమెరికా పిల్లలు కాలేజీ కోర్సును హైస్కూలు కోర్సుకు బదులుగా చదువుతారు, మన పిల్లలు అదనంగా చదవాలి. పోల్చేటప్పుడు ఈ ఒక్క తేడాను మరచిపోకండి.

బాబు విషయంలో దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరితే, ఈసెట్ ద్వారా బి.టెక్. రెండో సంవత్సరంలోకి నేరుగా ప్రవేశించవచ్చు. ముందు చదివిన సాంకేతిక విద్యకు ఒక ఏడాది విలువ కట్టి తగ్గించే ఈ పద్ధతి, మీరు అడిగిన దానికి మన రాష్ట్రంలో అతి దగ్గరగా ఉన్నది. మొత్తం ఆరేళ్లు కాబట్టి ఇంటర్ మీదుగా వెళ్లినదానితో సమానమే. కానీ మధ్యలో చేతిలో ఒక అర్హత ఉంటుంది, ఇంట్లో ఇబ్బంది వస్తే ఉద్యోగం చూసుకోవచ్చు. పదో తరగతి మార్కులు బాగుంటే కడప జిల్లా ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. 2008లో స్థాపించిన ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం) కింద నడిచే ఆ సంస్థలో ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బి.టెక్. ఒకే గొడుగు కింద పూర్తవుతాయి. మధ్యలో ప్రవేశ పరీక్షల పరుగు ఉండదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు ఆ నిశ్చింత చిన్న విషయం కాదు.

ప్రశ్న: మా తమ్ముడి కూతురు టెక్సాస్‌లో హెచ్–4 వీసా మీద ఉంటూ పదకొండో తరగతి చదువుతోంది. డాక్టరు కావాలని పట్టుదల. బయాలజీ, కెమిస్ట్రీ కమ్యూనిటీ కాలేజీలో ముందే ముగించేయవచ్చా? వీసా అడ్డు వస్తుందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: హెచ్–4 (అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు చదువుకోవడానికి వీసా నిబంధన అడ్డు రాదు. పాక్షికంగానైనా, పూర్తిగానైనా చదవవచ్చు. ఫీజు ఎంత పడుతుందన్నది మాత్రం స్కూలు జిల్లా, కాలేజీ మధ్య ఒప్పందాన్ని బట్టి ఉంటుంది కనుక అక్కడే అడగాలి. 21 ఏళ్లు నిండగానే హెచ్–4 ముగుస్తుంది, అప్పటికి ఎఫ్–1 (విద్యార్థి వీసా) వంటి వేరే హోదాకు మారాలి. వైద్య విద్య అక్కడ నాలుగేళ్ల డిగ్రీ తరువాత మొదలవుతుంది కాబట్టి ఈ గడువు డిగ్రీ మధ్యలోనే వచ్చి పడుతుంది. ముందే క్రెడిట్లు ఉండి డిగ్రీ ఒక ఏడాది తగ్గితే ఆ మేరకు ఉపయోగమే.

బయాలజీ, కెమిస్ట్రీల విషయంలో మాత్రం తొందర వద్దంటాను. ఈ మూల శాస్త్రాలను నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివి ఉంటే బాగుంటుందని భావించే వైద్య కళాశాలలు ఉన్నాయి. పైగా వైద్య కళాశాలల దరఖాస్తులో, హైస్కూల్లో ఉండగా చదివినవి సహా ప్రతి కాలేజీ కోర్సునూ గ్రేడుతో చూపించాలి. పదహారేళ్లప్పుడు కెమిస్ట్రీలో వచ్చిన ‘సి’ ఇరవై ఒకటో ఏట దరఖాస్తులో సైన్స్ గ్రేడుల సగటును కిందికి లాగుతుంది. అందుకని డ్యూయల్ క్రెడిట్‌లో ఇంగ్లిషు కంపోజిషన్, అమెరికా చరిత్ర, ప్రభుత్వం, సైకాలజీ వంటివి తీసుకోమనండి. టెక్సాస్ ఉమ్మడి పాఠ్యప్రణాళికలో అవి ఎలాగూ కావాలి. సైన్స్‌ను హైస్కూల్లో గట్టిగా చదివి, యూనివర్సిటీలో చేరాక అక్కడి ప్రయోగశాలలో మళ్లీ చదివితే గ్రేడు బాగుంటుంది, పునాదీ బాగుంటుంది. ఏ కోర్సులో చేరేముందైనా, అమ్మాయి మనసులో ఉన్న రెండు మూడు యూనివర్సిటీల బదిలీ విభాగానికి కోర్సు సంఖ్యతో సహా ఈమెయిలు రాయించి, వచ్చిన జవాబును దాచి ఉంచమని మీ తమ్ముడికి చెప్పండి.